ఏటి మీద కాలువలో అక్క ప్రయాణం

మా మనవడు తెచ్చిన ఫోటోలో మేనా మోసే బోయీలు కదలకుండా నిలబడి ఉన్నారు. బొంగు భుజాన పెట్టుకుని, నోళ్ళు బిగించుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారు. నోరు మూసుకున్న బోయీలు నీకెక్కడ దొరికారురా అని అడిగాను. ఫోటో తీసే ఆ పెట్టె ముందు కదిలితే బొమ్మ చెదిరిపోతుందట, అందుకని ఊపిరి కూడా మెల్లిగా పీల్చమన్నాడట. వాడు కాకినాడలో ఒక దొర దగ్గర ఆ పెట్టె పని నేర్చుకున్నాడు. కోనసీమలో జనం ఎలా ప్రయాణాలు చేస్తారో బొమ్మలు తీసుకురమ్మని ఆ దొర పంపితే, దారిలో నన్ను చూసిపోదామని వచ్చాడు.

నా మంచం మీద అన్నీ పరిచాడు. మేనా, గూడుబండి, ఎడ్లతో సహా ఏరు దాటుతున్న బల్లకట్టు, కాలువలో తెరచాప దించేసిన పడవ. ఆ బల్లకట్టు మీద ఒక్క ఎద్దు మాత్రం తల తిప్పినట్టుంది, దానికి ఉన్నది తల కాదు, పొగ. అది ఒక్కటే నాకు నిజంగా కనిపించింది. మిగిలినవన్నీ బొమ్మల కొలువులో పెట్టడానికి పనికొస్తాయి.

ఆఖరి ఫోటో చూసి మాత్రం కళ్ళజోడు సర్దుకోవలసి వచ్చింది. కింద ఇసుక తిన్నెలు, వాటి మధ్య వైనతేయ, మా గోదావరి పాయ. ఏటిలోంచి లేచిన ఇటుక కమానులు వరసగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోతున్నాయి. ఆ కమానుల మీద కాలువ. ఆ కాలువలో ఒక పడవ.

"దీని గురించి నీకేమైనా తెలుసా అమ్మమ్మా?" అన్నాడు.

తెలుసా అట! దాన్ని కట్టిన కొత్తలో మా అక్కని అందులోంచే పురిటికి తీసుకొచ్చాం. అప్పుడు నేను పరికిణీ కట్టుకుని తిరిగే పిల్లని.

మా ఊరు రాజోలు వైపు. అక్క అత్తవారి ఊరు అంబాజీపేట దగ్గర. నడుమ వైనతేయ. అక్కకి అది తొలిచూలు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, ఏడో నెల దాటకుండా పిల్లని తీసుకురావాలి. ఆ ఏడు సరిగ్గా అప్పుడే గోదావరి వచ్చి కూర్చుంది. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది, రేవులో పడవ కదల్లేదు. వరద తీసి దారులు ఆరాక మా నాన్న వెళ్తే, నెలలు నిండుతున్న మనిషిని ఏరు దాటించకూడదని అక్క అత్తగారు తలుపు చాటు నుంచి చెప్పించారు. ఆవిడ మగవాళ్ళ ఎదట పడరు. కనపడని మనిషితో వాదించడం చేతగాక మా నాన్న పెట్టిన మర్యాదలు తిని తిరిగొచ్చేశారు.

మా అమ్మ వెళ్ళి అక్కడే ఉండి పురుడు పోయొచ్చు కదా అంటారేమో. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో తల్లి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మా రోజుల్లో ఇలాంటి ముళ్ళు అన్నీ ఒకేచోట పడేవి. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంటే, మా నాన్నని కన్న మామ్మ పొడుం డబ్బా మొలలో దోపుకుని లేచింది.

"నేనెళ్తానర్రా. తలుపు చాటుకి వాడెళ్ళలేడు గానీ నేనెళ్ళగల్ను," అంది.

నేను మామ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. ఆ దెబ్బతో నా ప్రయాణం ఖాయమైంది.

బల్లకట్టు అంటే రెండు పడవలు కలిపి పైన పలకలు బిగించింది. అందులో ఎడ్లు, బండ్లు, అరటిగెలలు, మనుషులు అందరూ ఎక్కుతారు. తడిసిన తాళ్ళ వాసన, పేడ వాసన, గట్టు మీద గుంటల్లో నానేసిన కొబ్బరిపీచు కంపు అన్నీ కలిసి వస్తుంటే నాకు భలే ఆకలేసేది. మామ్మ తుండుగుడ్డలో కుండలో తంపటేసిన తాటితేగలు మూటకట్టింది. అవి తింటూ, మామ్మ కునుకు తీస్తుంటే పొడుం డబ్బా తీసి పక్కనున్న ఎద్దు ముక్కు దగ్గర పెట్టాను. అది తుమ్మిన తుమ్ముకి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి మొహం కడుక్కోవలసి వచ్చింది.

"బయల్దేరగానే తుమ్మా? ఏం శకునం తల్లీ ఇది?" అన్నాడాయన మండిపడుతూ.

"మనిషి తుమ్మితేనండీ పట్టింపు, ఎద్దు తుమ్మితే కాదండి," అంది మామ్మ కళ్ళు తెరవకుండానే. ఆవిడ శాస్త్రం అంతా ఈ తీరునే ఉండేది. పట్టింపులు వదిలిపెట్టేది కాదు, వాటిలో ఎక్కడ సందు ఉందో వెతికిపెట్టుకునేది. నన్ను మాత్రం తొడ మీద గట్టిగా గిల్లింది.

అవతలి గట్టున గూడుబండి ఎక్కి చేల మధ్య పుంతదారిన పడ్డాం. వానలకి పుంత పుంతలా లేదు, దున్నిన మడిలా ఉంది. బండి ఇటు ఒరిగితే నేను మామ్మ మీద, అటు ఒరిగితే మామ్మ నా మీద. ఇందులో నిండు మనిషిని ఎక్కిస్తే దారిలోనే కానేస్తుందే అని మామ్మ గొణుక్కుంది. ఆ మాట విని బండివాడు సిగ్గుపడి ఎడ్లని అదిలించాడు.

అక్క మమ్మల్ని చూసి గుమ్మంలోకి పరిగెత్తుకు రాబోయి, కడుపు గుర్తొచ్చి ఆగిపోయింది. మొహం పాలిపోయి ఉంది. ఆ ఇల్లు మా ఇంటికంటే పెద్దది, చుట్టూ కొబ్బరిచెట్లు, పెరట్లో గుట్టగా పోసిన కాయలు. వెనక వసారా చివర ఒక గది ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క నూతి దగ్గరికి వెళ్ళాలంటే వసారాలోంచి నాలుగు అడుగులు. కానీ అది మెట్లు దిగి, కాయల గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎందుకలా తిరుగుతావని అడిగాను.

"ఆ గదిలోనే మా తోడికోడలు పోయింది," అంది అక్క నా చెవిలో. "నిరుడు. పురుడు రావడానికి ముందురోజు ఆ గది గడపకి తనే పసుపు రాసుకుంది. ఆ పసుపు ఇంకా అలాగే ఉందే. ఇప్పుడు నన్నూ అందులోకే పంపుతారు. మామ్మతో చెప్పు, ఎలాగైనా నన్ను తీసుకుపొమ్మను. ఇక్కడుంటే నేను బతకను."

నాకు చావు అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. కానీ అక్క చెయ్యి చల్లగా ఉండటం తెలిసింది. వెళ్ళి మామ్మతో అన్నీ చెప్పేశాను.

మామ్మ అక్క అత్తగారి దగ్గర కూర్చుంది. ఆవిడ పొడుగ్గా, సన్నగా, నడుముకి తాళంచెవుల గుత్తితో ఉండేవారు. నవ్వగా నేను చూడలేదు. నాకు ఆవిడంటే భయం. ఆ గది పేరు ఎవరైనా ఎత్తితే ఆవిడ తాళాల గుత్తి సవరించుకుని వేరే మాట మొదలుపెట్టేవారు.

"ఏరు దాటకూడదన్నారు పెద్దలు. నేను దాటించనండి పిన్నిగారూ," అన్నారావిడ.

"ఎవరు దాటమన్నారమ్మా? కొత్తగా కాలువ తవ్వి మొన్ననే నీళ్ళు వదిలేరు కదా. మీ ఊరి వెనకనుంచి మా ఊరి ముందుకే పోతోందాయె. కాలువలో పడవెక్కితే ఏరు దాటినట్టెలా అవుతుంది?"

"మధ్యలో వైనతేయ లేదాండీ మరి?"

"ఉందమ్మా. కిందుంది. మనం పైనుంటాం. దాని దారి దానిది, మన దారి మనది."

ఇలాంటి మాట అత్తగారు ఎన్నడూ విని ఉండరు. విని ఉండటానికి లోకంలో అంతకుముందు అలాంటి కాలువ ఉంటే కదా.

చివరికి సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన అరుగు మీద కూర్చుని పంచాంగం అటూ ఇటూ తిరగేశారు. పాపం, ఏ శాస్త్రంలోనూ ఏటి మీద కాలువ గురించి రాసి లేదు. మామ్మ అరిటాకులో పంపరపనస తొనలు పెట్టి ఎదురుగా ఉంచింది.

"గర్భిణి నది దాటకూడదు, నిజమే," అన్నారాయన తొన నోట్లో వేసుకుని. "కాలువ నది కాదు, అదీ నిజమే. కాలువ కిందనుంచి నది దూరి వెళ్తే అది నది చేసిన పనండీ, గర్భిణి చేసింది కాదు."

మామ్మ ఆయనకి మరో తొన వలిచి పెట్టింది.

"అయితే ఒక మాట. నది మీద పడవ ఆగకూడదు. సాగిపోతే కాలువలో పోయినట్టు. ఆగితే నది మీద నిలిచినట్టే. అప్పుడు దోషం దోషమే."

"ఆయ్, అలాగేనండి," అంది మామ్మ.

అత్తగారు తలుపు చాటునుంచి అన్నారు. "నేనూ వస్తానని చెప్పండి. పడవ ఆగిందా, అక్కణ్ణించే వెనక్కి తీసుకొచ్చేస్తాను."

మర్నాడు అక్కని మేనాలో కాలువ గట్టుకి తీసుకెళ్ళారు. మా మనవడి ఫోటోలో లేనిది ఇదే. బోయీలు ఊరుకోరు. వెనకవాళ్ళకి దారి కనపడదు కనక ముందువాడు రాగంలోనే చెప్తుంటాడు, ఎడం పక్క బురద అనో, ముందు తాటిపట్టె వంతెన అనో. వెనకవాళ్ళు అదే రాగంలో అందుకుంటారు. మధ్యలో మా అక్క మీద కూడా పాట కట్టారు, మా అమ్మగారు బరువు కాదు, లోపలున్న చినబాబే బరువని. మేనా తెర వెనక అక్క నవ్వుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. నవ్వలేదు.

పడవలో కొబ్బరాకు గూడు కింద చాప పరిచి అక్కని పడుకోబెట్టారు. కాలువ నీళ్ళు కొత్త మట్టి వాసన వేస్తున్నాయి. గట్టు మీద ఇద్దరు తాడు లాగుతుంటే పడవ చప్పుడు లేకుండా జారిపోతోంది. బల్లకట్టు మీద ఉన్న సందడి ఇందులో లేదు. గట్ల మీద పశువులు కాసేవాళ్ళు కర్రలు భుజాన వేసుకుని ఆగి మమ్మల్ని చూశారు. వాళ్ళకీ ఈ కాలువ కొత్తే. మామ్మ పులిహోర పొట్లాలు విప్పింది. అత్తగారు తినలేదు. గూడు బయటికి చూడకుండా, తలుపులు లేని చోట కూడా చాటు వెతుక్కుని కూర్చున్నారు.

కాసేపటికి గట్లు రెండూ మాయమై ఇటుక గోడలు వచ్చాయి. కాలువ సన్నబడింది. తాడు లాగేవాళ్ళు గోడ మీద నడుస్తున్నారు. నేను గూడులోంచి పైకి పాకి తొంగిచూశాను. అబ్బ! కింద ఎంత లోతునో ఏరు. మేము వచ్చిన బల్లకట్టు అక్కడ తేగముక్కంత ఉంది. కొంగలు మాకంటే కింద ఎగురుతున్నాయి. నాకు కాళ్ళ కింద ఏదో కితకితలు పెట్టినట్టయింది. చూశావా అక్కా అని అరిచాను. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, ఆగిందా అంది. లేదన్నాను. ఒక్కసారి కాదు, అది అడిగినప్పుడల్లా లేదన్నాను.

సరిగ్గా నడుమకి వచ్చేసరికి ఆగింది.

ఎదురుగా మరో పడవ. నిండా కొబ్బరికాయలు. వాళ్ళు నీటికి ఎదురు లాక్కుంటూ వస్తున్నారు. ఆ ఇటుక కాలువలో రెండు పడవలు పక్కపక్కన పట్టవు. వాళ్ళ పడవలో పెద్దాయన అరిచాడు. "మాది నిండు పడవండీ! నీటి వాలున ఎనక్కి జారితే గోడకి కొట్టుకుంటాది. మీదే కాళీ పడవ, మీరే ఎనక్కి తియ్యాలండీ!"

మా పడవవాడు తల ఊపాడు. "ఆయ్, నాయవేనండి."

న్యాయమే. కాలువ మీద ఎవరిని అడిగినా అదే చెప్తారు. అక్క లేచి కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. వెనక్కి పోతున్నాం కదూ అని మామ్మని అడిగింది. ఎంత మామూలుగా అడిగిందంటే నాకు ఏడుపొచ్చింది. ఎంత వెతికినా సందు దొరక్క కాబోలు, మామ్మ పొడుం డబ్బా తీసి, మూసి, మళ్ళీ తీసింది.

అప్పుడు అత్తగారు లేచారు. కొంగు తలమీదకి లాక్కుని, గూడు బయటికి, అంతమంది మగవాళ్ళ మధ్యకి వచ్చి నిలబడ్డారు. ఒకసారి పక్కకి తిరిగి కింద ఉన్న ఏటిని చూశారు. తర్వాత మా పడవవాడి వైపు తిరిగారు.

"అబ్బాయ్, ఈ పడవ ఆగిందా?"

"ఆగిందండి."

"ఆగలేదు. గెడెయ్యి. ముందుకో మూర, వెనక్కో మూర కదుపుతా ఉండు. నేను చెప్పేదాకా ఆపకు."

"అలా కదిపితే ఏవొత్తాదండీ?"

"కదుల్తా ఉన్నది ఆగినట్టు కాదు."

వాడు తెల్లబోయి గెడ వేశాడు. పడవ ముందుకు ఒక మూర, వెనక్కి ఒక మూర ఊగసాగింది. ఆవిడ ఎదుటి పడవ వైపు తిరిగారు. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకప్పుడే తెలిసింది.

"నాయనా, నా కోడలు పురిటికెళ్తోంది. వెనక్కెళ్తే మా ఇంట్లో ఆ గదిలోనే పురుడు పొయ్యాలి. నిరుడు ఆ గదిలోంచి పెద్దకోడల్ని మోసుకెళ్ళేరు. దాన్నీ నేనే ఏరు దాటనివ్వలేదు నాయనా. మళ్ళీ ఆ గుమ్మం దగ్గర నేను నిలబడలేను. మీకు దణ్ణం పెడతాను, వెనక్కి తియ్యండి."

నిజంగానే చేతులు జోడించారు. తాళాల గుత్తి గలగలమంది. వాళ్ళు బిత్తరపోయారు. ఆ పెద్దాయన నెత్తిన చుట్టిన గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"అంత మాటెందుకండీ అమ్మగారూ. తియ్యండ్రా ఎనక్కి. తాడు వదలకండి, బిగబట్టండి!"

మా వాళ్ళు కూడా గోడ మీద పరిగెత్తి వాళ్ళ తాడు అందుకున్నారు. నిండు పడవని అంగుళం అంగుళం జారనిస్తుంటే అది గోడకి రాసుకుని ఇటుకపొడి రాలింది. అంతసేపూ మా పడవ ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది. ఆ ఊపుకి మామ్మ తిన్న పులిహోర అంతా వైనతేయకి నైవేద్యం అయిపోయింది. గోడ మీంచి వంగి, మధ్యమధ్యలో తలెత్తి, "ఆగలేదు కదర్రా? ఆగలేదు కదా?" అని అడుగుతుంటే అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ప్రయాణంలో దాని నవ్వు వినడం అదే మొదలు. అత్తగారు మాత్రం నవ్వలేదు, అవతలి గట్టు వచ్చేదాకా నిలబడే ఉన్నారు.

అక్కడ దిగి బల్లకట్టు మీద వెనక్కి వెళ్ళిపోతానని ముందు అనుకున్న మనిషి దిగలేదు. మా ఇంటిదాకా వచ్చారు. వచ్చి ఉండిపోయారు. మా అమ్మ కంగారుపడి పూటకో పిండివంట చేసేది. ఆవిడకేమో ఏదీ సయించేది కాదు. పొద్దున్నే లేచి అక్కకి తలదువ్వి జడ వేసేవారు. మాట్లాడేవారు కాదు. అక్కకి కూడా మొదట్లో ఆ చేతులు తగిలితే బిగుసుకుపోవడం, తర్వాత తర్వాత తల ఆవిడ ఒళ్ళోకి వాల్చడం నేను చూశాను.

నొప్పులు ఒకరోజు పొద్దున మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఇల్లంతా పురిటిగది గుమ్మం దగ్గర చేరింది. మా నాన్న వీధి అరుగు మీద, మేమందరం గది బయట. మామ్మ పొడుం పీల్చడం మర్చిపోయింది. లోపల అక్క అరుపులు, ఆ తర్వాత అరుపులు ఆగిపోవడం, ఆ తర్వాత బిడ్డ ఏడుపు. మంత్రసాని తలుపు ఓరగా తీసింది.

ఏ బిడ్డ అని అందరూ ఒక్కసారే అడిగారు. మా అమ్మ కూడా అదే అడిగింది.

"మగపిల్లాడండీ!" అంది మంత్రసాని.

"నా కోడలెలా ఉందే?" అన్నారు అత్తగారు.

మంత్రసానికి అర్థం కాలేదు. ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. చెవి వినపడని వాళ్ళకి చెప్పినట్టు గట్టిగా, "మగపిల్లాడండీ అమ్మగారూ," అంది మళ్ళీ.

"విన్నానే. అది కాదు. నా కోడలు. బాగుందా? కళ్ళు తెరిచిందా?"

"బాగుందండి. మంచినీళ్ళడుగుతోంది."

అత్తగారు మా అమ్మ చేతిలోంచి నీళ్ళచెంబు లాక్కుని, పురుడు, మైల అని వెనకనుంచి అందరం అంటున్నా వినకుండా, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయారు. లోపల ఆవిడ ఏడుపు వినిపించింది. పెద్దకోడలి కోసం అప్పుడు ఏడ్చారో లేదో నాకు తెలియదు గానీ, ఆ రోజు మాత్రం ఇద్దరి కోసమూ ఏడ్చారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క ఆ తర్వాత ఎందరినో కన్నది, ముసలితనంలో పోయింది. అత్తగారు అంతకుముందే పోయారు. మా ఇంట్లోనూ, చుట్టాల ఇళ్ళలోనూ ఎన్నో పురిటిగదుల గుమ్మాల దగ్గర నేను నిలబడ్డాను, నా కోసమూ కొందరు నిలబడ్డారు. లోపలి మనిషి ఎలా ఉందని ముందుగా అడిగినవాళ్ళని ఆవిడ తర్వాత నేను మళ్ళీ చూడలేదు.